వీసా కాదన్నాక కోర్టు ఏం చేయగలదు?

"కోర్టుకెళ్తే పని అవుతుందా?" హైదరాబాద్‌లో ఈ మధ్య ఈ ప్రశ్న తరచూ వినిపిస్తోంది. అమీర్‌పేట కన్సల్టెన్సీలో కూర్చున్న తండ్రి అడుగుతాడు. నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్ నుంచి ఉత్త చేతులతో బయటికొచ్చిన కొడుకు అడుగుతాడు. డల్లాస్‌లో, అక్కడ ఉండేందుకు ఉన్న స్టేటస్ పోయిందని మెయిల్ అందుకున్న అమ్మాయి అర్ధరాత్రి ఇంటికి ఫోన్ చేసి అడుగుతుంది. అందరికీ ఒకే జవాబు చెప్పేవాళ్లకు కొదవ లేదు. "అమెరికా గవర్నమెంటు మీద కేసా? అయ్యే పని కాదు" అని కొందరు, "మనకు తెలిసిన లాయరున్నాడు, ఫీజు కట్టండి, చూసుకుంటాడు" అని ఇంకొందరు. రెండు మాటలూ నష్టం చేసేవే. కాన్సులేట్ దగ్గర నిలబడ్డ కొడుకూ, డల్లాస్‌లో ఉన్న కూతురూ చట్టం దృష్టిలో ఒకే చోట లేరు. ఒకరికి కోర్టు తలుపు దాదాపు మూసి ఉంటుంది. ఇంకొకరికి తెరిచే ఉంటుంది, కానీ ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పరు.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ప్రభుత్వ నిర్ణయాన్ని కోర్టు న్యాయ సమీక్ష చేయడమంటే అప్పీలు వినడం కాదు. అప్పీలులో పైవాళ్లు కింది నిర్ణయాన్ని తీసేసి, దాని స్థానంలో తమ నిర్ణయం పెట్టొచ్చు. న్యాయ సమీక్షలో జడ్జి అధికారి కుర్చీలో కూర్చోడు. ఈ అబ్బాయి నిజంగా చదువుకోడానికే వెళ్తున్నాడా, తిరిగొస్తాడా అని ఆయన తేల్చడు. ఆ అధికారికి ఆ పని చేసే అధికారాన్ని చట్టం ఇచ్చిందా, చట్టం చెప్పిన పద్ధతిలోనే నడిచాడా, అవతలి మనిషి మాట విన్నాడా, కారణం రాశాడా, రాసిన కారణానికి ఫైల్లో ఆధారం ఉందా అన్నదే చూస్తాడు. తప్పు దొరికితే ఆ ఉత్తర్వును కొట్టేసి, మళ్లీ చూడమని చాలాసార్లు అదే శాఖకు పంపుతాడు. అంటే కేసు గెలిచినా వీసా చేతికి రాకపోవచ్చు. ఈ ఒక్క ముక్క ముందే తెలిస్తే, ఆశ పెట్టుకుని అప్పులు చేసే కుటుంబాలు ఎంతో జాగ్రత్తపడతాయి.

ఇది ఎలా జరుగుతుందో చూడ్డానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. మూసీ ఒడ్డున ఉన్న మన హైకోర్టులోనే ఏళ్ల తరబడి నడిచిన చెన్నమనేని రమేశ్ కేసు ఉంది. వేములవాడ నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన ఆయన అంతకుముందు జర్మనీ వెళ్లి 1993లో అక్కడి పౌరసత్వం తీసుకున్నారు. తర్వాత 2008లో భారత పౌరసత్వానికి దరఖాస్తు చేసుకుంటే 2009లో వచ్చింది. దరఖాస్తుకు ముందు ఏడాది పాటు ఇండియాలో ఉండాలన్న షరతును ఆయన పాటించలేదనీ, ఆ సంగతి దాచారనీ ప్రత్యర్థి ఆది శ్రీనివాస్ ఫిర్యాదు చేశారు. కేంద్ర హోంశాఖ 2017లో పౌరసత్వం రద్దు చేసింది. రమేశ్ హైకోర్టుకెళ్లారు. 2019 జులైలో హైకోర్టు ఆ రద్దును కొట్టేసింది.

ఆ రోజు ఆయన పౌరసత్వం ఖాయమైపోయినట్టే చాలామంది అనుకున్నారు. కానీ కోర్టు అన్నది అది కాదు. పౌరసత్వ చట్టం పదో సెక్షన్ ప్రకారం, మోసం జరిగిందని తేలినంత మాత్రాన రద్దు చేసేయకూడదు. ఆ మనిషి పౌరుడిగా కొనసాగడం ప్రజాహితానికి మంచిది కాదన్న సంగతిని కూడా ప్రభుత్వం విడిగా ఆలోచించి తేల్చాలి. హోంశాఖ ఆ రెండో మెట్టు ఎక్కలేదు కాబట్టి, ఎక్కి మళ్లీ నిర్ణయించమంది. హోంశాఖ ఈసారి ఆ మెట్టు కూడా ఎక్కి, అదే ఏడాది నవంబర్‌లో మళ్లీ రద్దు చేసింది. ఆయన మళ్లీ కోర్టుకెళ్లారు, స్టే వచ్చింది, వాయిదాల మీద వాయిదాలు నడిచాయి. చివరికి 2024 డిసెంబర్ 9న హైకోర్టు ఆ రద్దు సరైనదేనంది. 30 లక్షల ఖర్చులు కట్టమని ఆదేశించి, అందులో 25 లక్షలు ఆది శ్రీనివాస్‌కు ఇమ్మంది. అదే కోర్టు, అదే మనిషి, అవే వాస్తవాలు. మొదటిసారి గెలుపు, రెండోసారి ఓటమి. ఇందులో వైరుధ్యమేమీ లేదు. మొదటిసారి కోర్టు తప్పు పట్టింది పద్ధతిని. పద్ధతి సరిచేసుకుని వచ్చాక, నిర్ణయంలో తప్పు కనబడలేదు.

పద్ధతి సరిచేసుకోకుండా వస్తే ఏమవుతుందో ఢిల్లీ హైకోర్టు చూపించింది. స్వీడన్‌లో ప్రొఫెసర్‌గా ఉన్న అశోక్ స్వైన్ ఓసీఐ కార్డును (భారత మూలాలున్న విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ప్రభుత్వం రద్దు చేసింది. ఆ ఉత్తర్వులో సెక్షన్‌లోని మాటలు తప్ప కారణమంటూ ఏదీ లేదని 2023 జులైలో కోర్టు కొట్టేసింది. ప్రభుత్వం ఆ నెలలోనే ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. 2025 మార్చిలో దాన్నీ కొట్టేసింది. ఓసీఐ కార్డున్న తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. 2019 సవరణ తర్వాత, మీ మాట వినకుండా కార్డు రద్దు చేసే వీలు ప్రభుత్వానికి లేదు. చట్టంలోనే ఆ మాట రాసి ఉంది.

ఇక నానక్‌రామ్‌గూడ. ఇంటర్వ్యూ రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షన్ కింద కాదన్నారంటే చేతికి ఒక కాగితం ఇస్తారు. అందరికీ ఇచ్చేది ఒకే అచ్చు కాగితం. మీరు వలస వెళ్లే ఉద్దేశంతోనే వస్తున్నారని చట్టం ముందే అనుకుంటుందనీ, అది నిజం కాదని మీరు రుజువు చేసుకోలేకపోయారనీ దాని సారాంశం. ఏ జవాబు నచ్చలేదో, ఏ కాగితం చాలలేదో అందులో ఉండదు. మళ్లీ ఫీజు కట్టి, మళ్లీ స్లాట్ పట్టుకుని వెళ్లొచ్చు. అప్పీలు లేదు.

కోర్టు? విదేశంలో ఉన్న కాన్సులర్ అధికారి వీసా నిరాకరిస్తే అమెరికా కోర్టులు అందులో వేలు పెట్టవు. ఈ సిద్ధాంతం మూలాలు 19వ శతాబ్దం చివర్లో చైనీయులను రానివ్వకుండా చేసిన చట్టాల దగ్గరున్నాయి. దేశంలోకి ఎవరిని రానివ్వాలన్నది సార్వభౌమాధికారం, అది కాంగ్రెసూ అధ్యక్షుడూ చూసుకునే పని అని 1889లో సుప్రీంకోర్టు చెప్పింది. 1950లో నాఫ్ కేసులో, అమెరికా మాజీ సైనికుణ్ణి పెళ్లి చేసుకుని వచ్చిన మహిళను విచారణ కూడా లేకుండా ఆపేస్తే, అదీ సరేనంది. 1972లో మాండెల్ కేసులో చిన్న సందు వదిలింది. అమెరికా పౌరుల రాజ్యాంగ హక్కుకు దెబ్బ తగిలిందని వాదన వస్తే, అధికారి చూపిన కారణం పైకి చట్టబద్ధంగా, నిజాయితీగా కనబడుతోందా అని మాత్రం చూస్తామంది.

ఆ సందు కూడా 2024 జూన్‌లో బాగా ఇరుకైంది. లాస్ ఏంజెలిస్‌లో ఉండే సాండ్రా మున్యోస్ అనే అమెరికా పౌరురాలి భర్తది ఎల్ సాల్వడార్. ఆయన వీసాను అక్కడి కాన్సులేట్ 2015లో నిరాకరించింది. కారణం చెప్పలేదు. ఏళ్ల తరబడి కేసు నడిచాక, ఆయన ఒంటి మీది పచ్చబొట్లు, ఇతర సమాచారం చూసి నేర ముఠా సభ్యుడని అనుమానించారని బయటపడింది. తన భర్త తన దేశానికి రావడం తన హక్కని భార్య వాదించింది. 6-3 మెజారిటీతో సుప్రీంకోర్టు కాదంది. విదేశీయుడైన జీవిత భాగస్వామిని దేశంలోకి తెచ్చుకోవడం పౌరులకు రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని తేల్చింది.

భార్యకే ఆ హక్కు లేదన్నాక, సీటు ఇచ్చిన యూనివర్సిటీ ఏం చేస్తుంది? దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. ఏ దేశమైనా తన తలుపు దగ్గర ఎవరిని ఆపాలో తనే నిర్ణయించుకుంటుంది, అందులో తప్పు పట్టేదేం లేదు. కానీ ఒక మనిషి ఐదారేళ్ల కష్టాన్ని తోసిపుచ్చే కాగితంలో రెండు వాక్యాల కారణం రాయడం వల్ల సార్వభౌమాధికారానికి వచ్చే లోటేమీ లేదు. కారణం రాయాల్సిన అవసరం లేనిచోట జాగ్రత్త తగ్గుతుంది. అది అమెరికాలోనైనా మన తహసీల్దార్ ఆఫీసులోనైనా ఒకటే.

ఇదే కాన్సులేట్ విషయంలో కోర్టు కొంత వినే సందర్భం ఒకటుంది, అది ఆలస్యం. 221(జి) కింద కేసును పక్కన పెట్టి నెలలు గడిచినా తేల్చకపోతే, 'ఏదో ఒకటి తేల్చండి' అని ఆదేశించమని అక్కడి ఫెడరల్ కోర్టులో మాండమస్ వేస్తారు. కోర్టు వీసా ఇమ్మనదు, తేల్చమంటుంది అంతే. కేసు పడగానే ఫైలు కదిలి తీర్పు దాకా పోని సందర్భాలున్నాయి. అయితే 221(జి) కూడా నిరాకరణే, తేల్చేసినట్టే అని ప్రభుత్వం వాదించడం, కొందరు జడ్జీలు ఒప్పుకోవడం పెరిగింది. ఏ కోర్టులో వేస్తున్నారన్నదాన్ని బట్టి ఫలితం మారుతోంది. కాబట్టి "మాండమస్ వేస్తే గ్యారంటీ" అని ఎవరైనా అంటే ఆ మాట నమ్మొద్దు.

డల్లాస్‌లో ఉన్న అమ్మాయి సంగతి పూర్తిగా వేరు. ఆమె ఆ గడ్డ మీద ఉంది. అమెరికా రాజ్యాంగం చట్టబద్ధమైన ప్రక్రియ లేకుండా 'ఏ వ్యక్తి' స్వేచ్ఛనూ హరించకూడదంటుంది. పౌరులు మాత్రమే అనదు. పైగా అక్కడి పరిపాలనా విధానాల చట్టం ప్రకారం, ఏ ప్రభుత్వ శాఖ నిర్ణయమైనా అడ్డగోలుగా ఉంటే కోర్టు కొట్టేయొచ్చు. ఇక్కడ వీసాకూ స్టేటస్‌కూ తేడా తెలిసి ఉండాలి. వీసా లోపలికి రావడానికి. స్టేటస్ లోపల ఉండటానికి. వీసా రద్దయిందన్న కబురుతో బట్టలు సర్దుకుని తిరిగొచ్చేసినవాళ్లు, స్టేటస్ విషయంలో తమకున్న వాదనను చేజేతులా వదులుకున్నట్టే.

2025 ఏప్రిల్ దీనికి పెద్ద ఉదాహరణ. విదేశీ విద్యార్థుల వివరాలుండే సెవిస్ రికార్డులను ఉన్నట్టుండి వేల సంఖ్యలో రద్దు చేశారు. చాలామందికి ప్రభుత్వం నుంచి నోటీసు లేదు, యూనివర్సిటీ మెయిల్ పెడితేనే తెలిసింది. దాదాపు 13 లక్షల మంది విద్యార్థుల పేర్లను ఒక నేర రికార్డుల డేటాబేస్‌లో వేసి చూశారనీ, అక్కడ పేరు తగిలినవాళ్ల జాబితాతో ఈ పని మొదలైందనీ తర్వాత కోర్టులో బయటపడింది. కేసు కొట్టేసినవాళ్లూ, ట్రాఫిక్ చలానా స్థాయి వ్యవహారాలున్నవాళ్లూ అందులో ఉన్నారు. ఓపీటీ (చదువయ్యాక కొన్నాళ్లు పనిచేసేందుకు ఇచ్చే అనుమతి) మీద ఉద్యోగం చేస్తున్నవాళ్లకు తెల్లారేసరికి ఉద్యోగం లేదు. ఆ టెన్షన్‌లో ఎంతమంది తెలుగు పిల్లలు నిద్రలేకుండా గడిపారో వాళ్ల అమ్మానాన్నలకు తెలుసు.

విద్యార్థులు రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో ఫెడరల్ కోర్టులకెళ్లారు. జడ్జీలు వేసిన ప్రశ్నలు మామూలువి. ఏ నిబంధన కింద రద్దు చేశారు? ఆ నిబంధనలో చెప్పిన కారణాల్లో ఇది ఉందా? ఆ విద్యార్థికి ఒక్క మాట చెప్పారా? ప్రభుత్వ లాయర్ల దగ్గర సరైన జవాబు లేదు. మధ్యంతర ఉత్తర్వులు వరసగా వచ్చాయి. ఏప్రిల్ 25న ప్రభుత్వమే, కొత్త విధానం తయారయ్యేదాకా రికార్డులు పునరుద్ధరిస్తున్నామని కోర్టుకు చెప్పింది. ఒక్క నెలలో.

ఈ విజయానికి పునాది వేసిందెవరో ఇక్కడ చాలామందికి తెలియదు. అమెరికా ప్రభుత్వమే న్యూజెర్సీలో ఒక ఉత్తుత్తి యూనివర్సిటీ పెట్టి, 2016లో ఆ సంగతి బయటపెట్టింది. అందులో చేరిన విద్యార్థులను మోసగాళ్లంటూ వాళ్ల స్టేటస్ రద్దు చేసింది. కొందరు విద్యార్థులు కోర్టుకెళ్తే, మీ మాట వినడానికి ఇంకా సమయం రాలేదంటూ కింది కోర్టు పంపేసింది. 2019లో అప్పీళ్ల కోర్టు ఆ తీర్పును తిప్పికొట్టింది. స్టేటస్ రద్దు తుది నిర్ణయమే, దాన్ని కోర్టులో సవాలు చేయొచ్చంది. అదే ఏడాది మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో ఇలాంటి వలే వేసి పట్టుకున్న విద్యార్థుల్లో మనవాళ్లే ఎక్కువ. ఆ పరువు తక్కువలో వాళ్లను మనవాళ్లే వెలివేసినట్టు మాట్లాడారు. న్యూజెర్సీ పిల్లలు పట్టుబట్టి తెచ్చుకున్న తీర్పును ఆరేళ్ల తర్వాత వేలమంది విద్యార్థుల తరఫున లాయర్లు కోర్టుల ముందు పెట్టారు.

ఉద్యోగుల విషయంలోనూ ఇదే దారి. క్లయింట్ ఆఫీసులో పనిచేసే హెచ్-1బి వాళ్ల పిటిషన్లను ఏవో మెమోల ఆధారంగా తిరస్కరిస్తుంటే, ఐటీ కంపెనీల సంఘమైన ఐటీసర్వ్ అలయన్స్ కోర్టుకెళ్లింది. పద్ధతి ప్రకారం రూల్ చేయకుండా మెమోతో చట్టం మార్చలేరని 2020 మార్చిలో వాషింగ్టన్ జడ్జి తేల్చారు. కొన్ని నెలల్లో ఆ మెమోలు పోయాయి. ఇక్కడ కూడా కోర్టు 'ఈ ఉద్యోగి అర్హుడు' అనలేదు. హెచ్-1బి ఉద్యోగులతో హెచ్-4 వీసా మీద వెళ్లిన భార్యల పని పర్మిట్ల కథ దీనికి రెండో వైపు. 2015 రూల్‌ను కొట్టేయమని అమెరికా ఉద్యోగుల సంఘమొకటి వేసిన కేసు పదేళ్లు నడిచి, 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు వినడానికి నిరాకరించడంతో ముగిసింది. సమీక్ష అనే ఆయుధం మన చేతిలోనే ఉండదు, మనకు వ్యతిరేకంగా ఉన్నవాళ్ల చేతిలోనూ ఉంటుంది.

2025 జూన్‌లో సుప్రీంకోర్టు ఇంకో మార్పు తెచ్చింది. ఒక జిల్లా జడ్జి ఒక ఉత్తర్వుతో ప్రభుత్వ విధానాన్ని దేశమంతా అందరికీ ఆపడం మామూలుగా కుదరదంది. అంటే పక్కింటివాడు కేసు వేశాడు కదా, మనకూ వర్తిస్తుందిలే అని కూర్చుంటే కుదరకపోవచ్చు. మీరు పిటిషనరైనా కావాలి, ఒకే ఇబ్బంది ఉన్న అందరి తరఫునా కలిపి వేసే క్లాస్ యాక్షన్ కేసులో మీలాంటివాళ్లు చేరైనా ఉండాలి.

కాన్సులేట్ దగ్గర ఆగిపోయినవాళ్లకూ, అమెరికా లోపల ఉన్నవాళ్లకూ మధ్యలో ఎయిర్‌పోర్టు ఉంది. విమానం దిగారు, కాళ్లు అమెరికా నేల మీదున్నాయి, చట్టం మాత్రం మీరింకా లోపలికి రాలేదంటుంది. 2023 ఆగస్టులో ఇరవై మందికి పైగా విద్యార్థులను, వాళ్లలో ఎక్కువగా తెలుగువాళ్లను, అక్కడి నుంచే వెనక్కి పంపారన్న వార్త గుర్తుండే ఉంటుంది. వేగవంతమైన తొలగింపు ఉత్తర్వు పడితే ఐదేళ్లు అడుగు పెట్టలేరు. కోర్టు చూడగలిగేది చాలా కొద్ది. ఇతను విదేశీయుడేనా, ఆ ఉత్తర్వు నిజంగా ఇతని మీదే పడిందా, గ్రీన్‌కార్డు లాంటిదేమైనా ఉందా అన్నంత వరకే. సరిహద్దు దాటి పాతిక గజాలు లోపలికొచ్చాక పట్టుబడ్డ ఒక శ్రీలంక తమిళుడి కేసులో 2020లో సుప్రీంకోర్టు ఈ గీతను గట్టిపరిచింది. అక్కడ చేయగలిగిన పని ఒకటుంది. 'దరఖాస్తు వెనక్కి తీసుకుని నాకై నేనే వెళ్తాను' అని అడగొచ్చు. ఒప్పుకోవడం అధికారి ఇష్టం. ఒప్పుకుంటే ఐదేళ్ల నిషేధం పడదు.

కెనడా ఈ విషయంలో మనిషికి కొంత గౌరవమిచ్చిందనాలి. హైదరాబాద్‌లో కూర్చుని దరఖాస్తు చేసిన విద్యార్థి కూడా అక్కడి ఫెడరల్ కోర్టుకెళ్లొచ్చు. ముందు కోర్టు అనుమతి కావాలి, అది అందరికీ దొరకదు. కానీ 2019 వావిలోవ్ తీర్పు తర్వాత, నిర్ణయం సబబుగా ఉండాలి, ఆ సబబు రాతలో కనబడాలి. నాలుగు అచ్చు వాక్యాలతో స్టడీ పర్మిట్ కాదన్న ఉత్తర్వులను అక్కడి జడ్జీలు పలుమార్లు కొట్టేశారు. గెలిస్తే ఫైలు ఇంకో అధికారి దగ్గరికి వెళ్తుంది. బ్రిటన్‌లో చాలా రకాల వీసాలకు అప్పీలు హక్కు తీసేసి, శాఖలోనే పునఃపరిశీలన పెట్టారు. అది కూడా అయ్యాకే న్యాయ సమీక్ష.

మన దేశం మాటేమిటి? ఇక్కడి చట్టం రెండు గొంతులతో మాట్లాడుతుంది. మన పౌరుల పాస్‌పోర్టు దగ్గర కోర్టులు గట్టిగా నిలబడ్డాయి. 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టు లాక్కుని, ప్రజాప్రయోజనం దృష్ట్యా కారణం చెప్పబోమని ప్రభుత్వం అంది. 1978 జనవరిలో సుప్రీంకోర్టు, విదేశాలకెళ్లే స్వేచ్ఛను హరించే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలంది. పాస్‌పోర్టుల మీద మన రిట్లు (ప్రభుత్వ చర్యను ప్రశ్నిస్తూ కోర్టులో వేసే పిటిషన్లు) చాలావరకు ఇప్పటికీ ఆ తీర్పు మీదే నడుస్తున్నాయి. విదేశీయుల దగ్గరికొచ్చేసరికి, వాళ్లను దేశం నుంచి పంపేసే విషయంలో ప్రభుత్వానికి దాదాపు హద్దుల్లేని అధికారం ఉందని 1955 నాటి హాన్స్ ముల్లర్ తీర్పు అంది. 1937 నుంచి ఇక్కడే ఉన్న బెల్జియం మిషనరీ లూయీ డి రెట్‌కు 1991లో అదే జవాబు వచ్చింది. మన రాజ్యాంగం 21వ అధికరణం ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇస్తుంది, ఇక్కడ నివసించే హక్కు మాత్రం ఇవ్వదు. 2021లో రోహింగ్యాల కేసులోనూ, చట్టం చెప్పిన ప్రక్రియ పాటించి పంపొచ్చనే సుప్రీంకోర్టు అంది. బాలాపూర్ బస్తీల్లో ఉంటున్న రోహింగ్యా కుటుంబాలకు ఆ 'ప్రక్రియ' అన్న ఒక్క మాటే అండ. 2025 సెప్టెంబర్ 1 నుంచి పాత నాలుగు చట్టాల స్థానంలో కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం వచ్చింది. నానక్‌రామ్‌గూడలో మన పిల్లలకు కారణం చెప్పాలని అడిగే మనం, బాలాపూర్‌లో ఉన్నవాళ్లకూ అదే అడగాలి. అడగకపోతే ఆ మాటకు బలం ఉండదు.

ఎన్నారై కుటుంబాలను ఇప్పుడు ఎక్కువగా తాకుతున్నది లుకౌట్ సర్క్యులర్, అంటే ఒక మనిషిని దేశం దాటకుండా ఆపమని ఇమిగ్రేషన్‌కు ఇచ్చే ఆదేశం. భార్యాభర్తల గొడవలో వేధింపుల కేసు (ఒకప్పటి 498ఎ) పడుతుంది, లేదా ఏదో కంపెనీ అప్పులో పేరుంటుంది. శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర పాస్‌పోర్టు స్కాన్ చేసిన అధికారి ముఖం మారుతుంది, పక్కకు రమ్మంటారు. సర్క్యులర్ ఉన్నట్టు అప్పటిదాకా ఆ మనిషికి తెలియదు, కాపీ కూడా ఇవ్వరు. హోంశాఖ 2021 మార్గదర్శకాల ప్రకారం, పెట్టమన్న సంస్థే తీసేయమని చెప్పేదాకా అది అలాగే ఉంటుంది. ఇలాంటి చోట రిట్ పిటిషన్ నిజంగా పనిచేస్తుంది. విచారణకు సహకరిస్తున్నవాణ్ణి ఎందుకు ఆపారని హైకోర్టు అడిగితే, జవాబు చెప్పాల్సింది పోలీసులే. ప్రభుత్వ బ్యాంకుల అధిపతులకు ఈ సర్క్యులర్లు కోరే అధికారాన్ని 2024 ఏప్రిల్‌లో బాంబే హైకోర్టు కొట్టేసింది కూడా.

ఏ దేశంలోనైనా న్యాయ సమీక్షలో కోర్టు ప్రధానంగా చూసేది, నిర్ణయం తీసుకున్న రోజున అధికారి ముందున్న ఫైలు. తర్వాత తెచ్చిన బ్యాంకు స్టేట్‌మెంటును దాదాపుగా ముట్టుకోదు. కాబట్టి కేసు బలం దరఖాస్తు పెట్టిన రోజే తేలిపోతుంది. మన దగ్గర పెద్ద దెబ్బ తగిలేది ఇక్కడే. దిల్‌సుఖ్‌నగర్‌లోనో అమీర్‌పేటలోనో ఎవరో ఫారం నింపుతారు, ఎవరో ఫండ్స్ చూపిస్తారు, లేని అనుభవం రాస్తారు. అమెరికా చట్టంలో తప్పుడు సమాచారంతో వీసా కోరినట్టు తేలితే జీవితకాల నిషేధం పడుతుంది. ఆ మచ్చ ఫైల్లో ఉండగా ఎంత పెద్ద లాయరైనా పద్ధతి గురించి వాదించలేడు. కన్సల్టెన్సీ నింపిన ఫారం మొత్తం, జత చేసిన ప్రతి కాగితం కాపీ మీ చేతికొచ్చాకే సబ్మిట్ చేయనివ్వండి.

తర్వాత గడువులు. కెనడా బయట తీసుకున్న నిర్ణయానికి 60 రోజులు, కెనడా లోపల తీసుకున్నదానికి 15 రోజులే. బ్రిటన్‌లో ఆలస్యం చేయకుండా, ఎంత ఆలస్యమైనా మూడు నెలల లోపు. అమెరికా ఫెడరల్ కోర్టులో ఆరేళ్ల దాకా ఉన్నా, స్టేటస్ పోయినవాళ్లకు లెక్క రోజుల్లోనే. ఇక్కడ పాస్‌పోర్టు ఉత్తర్వు మీద శాఖాపరమైన అప్పీలుకు 30 రోజులు. రిట్‌కు రాసిపెట్టిన గడువు లేకపోయినా, ఇన్నాళ్లు ఏం చేశారని జడ్జి అడుగుతారు. నిరాకరణ మెయిల్ వచ్చిన రోజునే దాన్ని తేదీతో సహా ప్రింట్ తీసి పెట్టుకుని, ఆ దేశంలో ప్రాక్టీస్ చేసే లాయర్‌ను వెతకడం అదే వారంలో మొదలుపెట్టండి.